ఇటుకతో పెట్టిన పదును

అమ్మా, నేను కులాసా. నా వేళ్లు పదీ ఉన్నాయి, బెంగపడకు.

ఇవాళ టైల్స్ కోసే డైమండ్ బ్లేడు మొద్దుబారి, కోసిన ప్రతి అంచూ పెచ్చులూడింది. "పంతులమ్మా, దాని పనైపోయింది, అవతల పారెయ్" అన్నాడు మేస్త్రీ. నేను దాంతోనే, నీళ్లు పోస్తూ, గరుకు సిమెంటు ఇటుకను నెమ్మదిగా నాలుగైదు గాట్లు కోశాను. పైనున్న లోహం అరిగి లోపలి వజ్రపు రవ్వలు బయటపడ్డాయి. ఆ తర్వాత టైలు ఒక్క పెచ్చు లేకుండా తెగింది. నా భ్రమేమోనని ఇంకొకటి కోశాను, అదీ అంతే. మేస్త్రీ తన బ్లేడు కూడా తెచ్చి నా ముందు పెట్టాడు.

మోకాళ్లకు నూనె రాసుకుంటున్నావా? కాలేజీ ఉద్యోగం మానేసి ఈ పనిలో దిగానని నాన్న ఇంకా నాతో మాట్లాడడం లేదుగా. ఈ కార్డు ఆయన కళ్లజోడు పక్కన పెట్టు. చదవమని మాత్రం అనకు.

ఇద్దరికీ దణ్ణాలతో,
మీ పెద్దది