నుదుటి మీద కెమెరా

ముసునూరు,
జూలై నెల

నా చిట్టితల్లి రేచలుకి,

అమ్మ ముద్దులతో రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళ సంగతి అడగొద్దు. ఫోన్లో అయితే "బాగున్నానమ్మా, పనుంది" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు గదా. పాస్టరమ్మ గారు దీన్ని ఫోటో తీసి నీకు పంపుతానన్నారు.

మామిడి కోతలు అయిపోయాయి. ఈ ఏడు షెడ్డులో కాయలు ఏరే మిషను పెట్టి మాలో సగం మందిని ముందే పంపేశారు. ఖాళీగా ఉన్నానని షావుకారు గారి భార్య పుష్పావతి గారు పిలిపించింది. వాళ్ళబ్బాయి ఫణిబాబు నూజివీడులో గోడౌను పైన కొత్త పని పెట్టాడు. నుదుటికి బెల్టు కట్టి చిన్న కెమెరా తగిలిస్తారు. మనం తువ్వాళ్ళు మడవాలి, కూరగాయలు తరగాలి, పక్క సర్దాలి. సర్దిన పక్క చెరిపి మళ్ళీ సర్దాలి. దానికి కూలి.

ఇదంతా ఎవరు చూస్తారు బాబూ అంటే, "పై దేశం కంపెనీవాళ్ళు మామ్మా. నీ చేతులు మాత్రమే చూస్తారు" అన్నాడు. నా చేతులతో వాళ్ళకేం పని తల్లీ. అప్పటినుంచి భయం పట్టుకుంది. కెమెరా వేడికి తల నరాలేమైనా అవుతాయేమోనని రోజూ కొబ్బరినూనె పెట్టుకుంటున్నాను. పనికి ముందు ప్రార్థన చేసుకుంటే, "తల వంచకు మామ్మా, వీడియోలో నేల పడతంది" అంటాడు. తల వంచకుండా ప్రార్థన ఎట్లా.

వేళకి తింటున్నావా? నువ్వు చూసుకునే ముసలమ్మ గారు ఎట్లా ఉన్నారు?

నిన్నే తలుచుకుంటూ,
అమ్మ


కువైట్

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నేనూ కాగితం మీదే రాసి ఫోటో పంపుతున్నాను, ప్రింటు తీయించుకో.

నరాలకేమీ కాదు. నీ చేతులు చూసి పని నేర్చుకునేది మనిషిలా చేతులుండే మిషన్లు. రేపు ఇంటిపనులన్నీ అవే చేస్తాయంట. మా ముసలమ్మ గారి కొడుకు ఫోన్లో చూపించాడు, ఒకటి చొక్కా మడతపెడుతోంది. పెట్టేసరికి తెల్లారేట్టుంది గాని, నేర్చుకుంటుందిగా. చూడబోతే నా ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టేట్టున్నావు.

నీ మనవరాలు జెరూషా ఏలూరు నుంచి ఫోన్ చేసింది. నర్సింగు రెండో ఏడు పుస్తకాలు బరువంట. ఈ ముసలమ్మ గారు ఇప్పుడు మంచం మీదే. నేను తినిపిస్తే తప్ప ముద్ద ముట్టదు. పిలుస్తోంది, ఉంటాను.

నీ రేచలు


ముసునూరు,
సెప్టెంబరు

బంగారు తల్లికి,

జవాబు ఆలస్యం చేశాను, కోప్పడకు. నువ్వు నవ్వుతూనే రాశావు గాని నాకు ముద్ద దిగలేదు. అక్కడ నువ్వు తువ్వాళ్ళు మడిచి నాకూ నీ కూతురికీ అన్నం పెడుతున్నావు. ఇక్కడ నేను ఆ మడతే మిషనుకి నేర్పుతున్నాను. తల్లినై ఉండి నీ నోటికాడ కూడు తీయడమా?

మానేద్దామంటే నా చోట్లోకి ఇంకో ఆవిడ వస్తుంది. అందుకని ఒక పని చేశాను. తప్పు నేర్పుతున్నాను. తువ్వాలు మూలలు కలవకుండా మడుస్తాను. వంకాయ ఒక ముక్క బెత్తెడు, ఒక ముక్క గోరంత. దిండు కాళ్ళ దగ్గర పెట్టి పక్క అయిందంటాను. ఫణిబాబు తల పట్టుకుని, "ఏంటి మామ్మా ఇది, మా అమ్మే నయం" అన్నాడు. పుష్పావతి గారు అక్కడే ఉంది. "ఇకనుంచి నీ బట్టలు నువ్వే మడుచుకో" అంది.

తప్పు పనికి కూలి తీసుకుంటున్నానని ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. ఈ ఉత్తరం పాస్టరమ్మ గారికి చూపించలేక సెల్లు షాపు రమ్య చేత ఫోటో తీయిస్తున్నాను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

దిగులుతో,
అమ్మ


కువైట్

ప్రియమైన అమ్మకు,

సరిగ్గా మడువమ్మా, నీకు దండం పెడతాను.

ఫోన్ చేద్దామనుకున్నాను. గొంతు వింటే నువ్వు కనిపెట్టేస్తావు. ఈస్టరప్పటినుంచీ నా నడుం బాగాలేదు. ముసలమ్మ గారు భారీ మనిషి. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకి నేనే ఎత్తాలి. నడుముకి బెల్టు కట్టుకుని తిరుగుతున్నాను. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. ఎత్తలేనంటే ఇంకో మనిషిని తెచ్చుకుంటారు.

మిషనొచ్చి నా పని లాక్కుంటుందని నువ్వు ఏడుస్తున్నావు. అది వచ్చేలోపే నడుం పోతుందేమోనని నేను ఏడుస్తున్నాను. దుప్పట్లు అదే మడవనీ, ఆమెని అదే ఎత్తనీ. అన్నం కలిపి తినిపించేదీ, తల దువ్వేదీ నాకు మిగిలితే చాలు. ఆ కాస్త పనికి జీతం ఎంతిస్తారో మాత్రం తెలీదు. నాకూ ఆ భయం ఉంది.

ఇన్నాళ్ళూ చెప్పనందుకు తిట్టకు.

నీ రేచలు


ముసునూరు,
అక్టోబరు

నా తల్లికి,

ముందు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఈస్టరెప్పుడు, ఇప్పుడెప్పుడు? అమ్మ దగ్గర నడుం దాస్తావా?

తెల్లారగానే వెళ్ళి ఫణిబాబుకి చేసిందంతా చెప్పేశాను. "ఎట్లా మడవకూడదో నేర్పడానికి అవీ కావాలన్నారు మామ్మా. నీ వీడియోలన్నీ పంపించేశా" అన్నాడు. అంత కష్టపడి చెడగొట్టానే తల్లీ.

మనుషుల్ని ఎత్తడం ఎప్పుడు నేర్పుతారు బాబూ అని అడిగాను. "అది వాళ్ళు అడగలేదు మామ్మా. తువ్వాళ్ళూ కూరగాయలే అడిగారు" అన్నాడు. వాళ్ళు అడిగేదాకా నీ నడుం ఆగుతుందా?

అందుకని ఆ సాయంత్రం కెమెరా అడిగి తీసుకున్నాను. మీ నాన్న పడకలో ఉన్నన్నాళ్ళూ నేనొక్కదాన్నే లేపేదాన్ని. అట్లాగే పుష్పావతి గారిని మంచమ్మీద పడుకోబెట్టి లేపాను. ఆమె మోకాళ్ళు మడిచి, పక్కకి తిప్పి, కాళ్ళు మంచం కిందికి జార్చి, అప్పుడు భుజం కింద చెయ్యి వేశాను. కాళ్ళు దిగుతుంటే ఒళ్ళు దానంతటదే సగం లేస్తుంది. నువ్వు మొత్తం బరువు ఎత్తక్కర్లేదు. రెండుసార్లు లేపి చాలన్నాను. "జోజమ్మా, ఇంకోసారి లేపవే, హాయిగా ఉంది" అని ఆవిడ మళ్ళీ పడుకుంది.

ఈ వీడియో కంపెనీకి వెళ్ళదు. నీకొక్కదానికే. కంపెనీ వీడియోల్లో మాట్లాడకూడదంట, దీనికి ఎవరూ వద్దనలేదు కాబట్టి మొదటినుంచి చివరిదాకా చెబుతూనే ఉన్నాను. అట్లా చేసినా నొప్పి తగ్గకపోతే వచ్చెయ్యి. పిల్ల చదువు ఆగదు. తువ్వాళ్ళు ఎన్నైనా మడుస్తాను, సరిగ్గానే మడుస్తాను. తర్వాత ఆ మిషన్లు ఏం చేస్తాయో నాకు తెలీదు. నువ్వు నిటారుగా నిలబడితే ఏదో ఒక పని చూసుకుంటాం.

లేపేటప్పుడు నీ మోకాళ్ళు వంచు తల్లీ, నడుం కాదు.

మీ అమ్మ జోజమ్మ