నేను కడుక్కున్న నీళ్ళు

నవంబర్ 7, శుక్రవారం

ఈ రోజు నోరు జారాను.

అల్ అజీజియా పేటలోని ఈ అరబ్బుల ఇంట్లో శుక్రవారం భోజనానికి చుట్టాలందరూ చేరతారు. నేల మీద ప్లాస్టిక్ షీట్, దాని మీద పెద్ద పళ్ళెం, చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. నేను చూసుకునే తుర్కీకి పదకొండు నెలలు. నా ఒళ్ళో కూర్చుని గిన్నెడు అన్నం తినేశాడు. సంబరం పట్టలేక ఇంగ్లీషులో అనేశాను, చూడండి ఎంత తిన్నాడో, ఎంత బొద్దుగా ఉన్నాడో అని.

అందరి చేతులూ ఆగిపోయాయి. ఎవరో గట్టిగా మాషా అల్లా అన్నారు. తర్వాత ఇంకొకరు. పెద్ద మేడం, అంటే తుర్కీ నానమ్మ, నన్నే చూసింది.

వంటింట్లో రహమత్బీ అక్క తిట్టింది. కడప మనిషి, పదేళ్ళుగా ఈ ఇంట్లో వంట. బిడ్డను మెచ్చుకునేటప్పుడు మాషా అల్లా అనకుంటే కన్ను పెట్టినట్టే పాపా, రెండు మాటలకు నీ నాలుకేమన్నా అరుగుతాదా అంది.

మా ఇంట్లో పిల్లాణ్ణి ఎవరైనా బొద్దుగా ఉన్నాడంటే, వాళ్ళు గేటు దాటగానే అమ్మ ఉప్పు దిగతీస్తుంది. తెలుగులో అయితే నేనూ ఆ మాట అనేదాన్ని కాదు. ఇంగ్లీషులో ఆ భయం గుర్తురాలేదు.

నవంబర్ 9, మధ్యాహ్నం 3

తుర్కీకి నూట రెండు జ్వరం. కుడి చెవి లాక్కుంటున్నాడు. ఇయర్ ఇన్ఫెక్షన్ అని డాక్టర్ కంటే ముందు నేనే చెప్పాను. కాకినాడలో మైక్రోబయాలజీ చదివాను. ల్యాబ్‌లో శాంపిళ్ళకు లేబుళ్ళు అంటించీ అంటించీ విసుగొచ్చి ఈ దేశం వచ్చాను. యాంటీబయాటిక్ సిరప్ రాశారు. పన్నెండు గంటలకోసారి, మధ్యలో ఆపకూడదు. తుర్కీ అమ్మ నూరా మేడం తలూపింది.

నవంబర్ 10

రెండు డోసులూ కక్కేశాడు. పెద్ద మేడం సిరప్ తీసి తన గదిలో పెట్టేసుకుంది. మందుకు లొంగే జ్వరం కాదంట.

నవంబర్ 11, ఉదయం

ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని తుర్కీ గది వైపు బయల్దేరాను. నేనే. మైక్రోబయాలజీ.

రహమత్బీ అక్క మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. ఇదేమన్నా మీ ఊరనుకుంటివా, ఈడ దీన్ని చేతబడి అంటారు, చూసినారంటే పోలీసులే అంది. మా ఇద్దరికోసం ఉడుకుతున్న పప్పులో ఆ మిరపకాయలు పడేసింది. ఉప్పు కూడా.

పప్పు తినలేకపోయాం.

నవంబర్ 12

నా టీ కప్పు మాయమైంది. సగం తాగి, తుర్కీ ఏడిస్తే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లేదు. సాయంత్రం మళ్ళీ అంతే. నేను నోట్లోంచి తీసి పళ్ళెంలో పెట్టిన ఖర్జూరం గింజ కూడా లేదు.

గింజ దాకా వచ్చాక భయమేసింది. అక్కనడిగితే కాసేపు ఉల్లిపాయలు తరిగి, తర్వాత చెప్పింది. ఎవరి కన్ను తగిలిందో వాళ్ళ ఎంగిలి నీళ్ళలో కలిపి బిడ్డ తల మీద పోస్తారంట, లేదంటే వాళ్ళే ఒప్పుకుని కడుక్కున్న నీళ్ళు పోస్తారంట. నువ్వేనా అని మొగం మీద అడగడానికి సిగ్గంట, అందుకే ఈ దొంగతనం. అయినా తగ్గకపోతే నన్ను తెచ్చిన ఏజెన్సీ ఆఫీసుకే శనివారం తిరిగిచ్చేస్తారంట. చిరుగున్న చీర కొట్టువాడికి తిరిగిచ్చినట్టు.

తగ్గితే నా కన్నేనని రుజువు. తగ్గకపోతే నేను పోతాను. ఈ లెక్కలో మందు ఎక్కడా లేదు. వాడి నోట్లో మందు పడి రెండు రోజులు దాటింది.

నవంబర్ 13, ఉదయం 8

నూట నాలుగు.

నవంబర్ 13, ఉదయం 11

పెద్ద స్టీలు గిన్నెలో ముఖం, మోచేతుల దాకా చేతులు, పాదాలు కడుక్కున్నాను. ఆ నీళ్ళు పట్టుకెళ్ళి పెద్ద మేడం గది తలుపు కొట్టాను. నాకొచ్చిన అరబిక్ అంతా వాడేశాను. నా కన్నే అన్నాను. కావాలని పెట్టలేదు. ఇవి వాడికి పొయ్యండి. సిరప్ నాకివ్వండి.

నూరా మేడం గుమ్మంలో నిలబడి వింటోంది. పెద్ద మేడం గిన్నె అందుకుని కింద పెట్టింది. తర్వాత నా తల దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ప్రేమ ఉన్నవాళ్ళ కన్నే ఎక్కువ తగులుతుంది బిడ్డా, నీ తప్పేం లేదు అంది. దిండు కింద నుంచి సీసా తీసి ఇచ్చింది.

నీళ్ళు వాళ్ళు పోశారు. మందు నేను వేశాను, సిరంజితో, బుగ్గలోకి, చుక్క చుక్కగా. కక్కలేదు.

నవంబర్ 15, శనివారం

జ్వరం లేదు. నన్ను పంపట్లేదు. ఎవరికీ నా మీద కోపం లేదు, అదే భయంగా ఉంది. నూరా మేడం ఒక్కటే అడిగింది, అదీ మొహమాటంగా. ఇకనుంచి తుర్కీ తినేటప్పుడు నువ్వు గదిలో ఉండకు, తినడం అయ్యాక పిలుస్తాం అని. సరేనన్నాను. మూతి తుడవడం మాత్రం నా పనే.

దేని వల్ల తగ్గిందో నాకు తెలుసు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

నవంబర్ 28, శుక్రవారం

అందరూ ఉన్నారు. తుర్కీ మొదటిసారి సోఫా వదిలేసి నిలబడ్డాడు. నా వైపు తిరిగాడు. ఎవరూ చెప్పకముందే కళ్ళు మూసుకున్నాను. మోకాళ్ళకు వాడి చేతులు తగిలాయి.

ఐదు అడుగులు వేశాడంట. రహమత్బీ అక్క చెప్పింది.