పొయ్యిలో సాలెగూడు

అవ్వా,

నువ్వు పోయాక ఆరునెలలు చిన్నక్క ఇంట్లో సర్దుకొని, నిన్న జనగామలో ఒక అద్దె ఇంట్లో దిగాం. గోడల నిండా గాసునూనె దీపాల మసి, కిటికీ చెక్కలకు చెదలు. తలుపు గొళ్ళెం పట్టుకోగానే ఊడి చేతికొచ్చింది.

“నిన్ననే ఖాళీ చేసి పోయిండ్రు బిడ్డా. జర ఊడ్సుకుంటే సాఫైతది,” అంది ఇల్లుగలామె, నా మొహం వైపు చూడకుండా.

ఏ ఇంట్లో దిగినా నువ్వు ముందు పొయ్యి చూసేదానివి. నేనూ చూశాను. లోపల సాలీడు మందంగా గూడు కట్టి ఉంది. మొన్నటిదాకా వండుకున్న పొయ్యిలో అంత గూడు ఎట్లా వస్తుంది? ఇంత అబద్ధమాడిన ఇల్లుగలామె రేపు గొళ్ళెం కూడా నేనే విరగ్గొట్టానంటుందని, సాక్ష్యానికి పక్కింటామెను పిలిచి చూపించాను. ఆమె గొళ్ళెం సంగతి పట్టించుకోలేదు.

“గీ ఇంట్ల ముసలాయన పోయిండు. పోయిన నక్షత్రం మంచిగ లేదని ఇన్ని దినాలు తాళమేసిండ్రు. నీకు చెప్పలేదా?” అంది మెల్లగా.

ఇల్లుగలామెను నిలదీద్దామని ఆమె గడప దాకా పోయి ఆగిపోయాను. నువ్వు పోయిన నక్షత్రం కూడా మంచిది కాదనే కదా, రఘునాథపల్లిలో ఇంటివాళ్ళు మాతో ఇల్లు ఖాళీ చేయించి ఆరునెలలకు తాళం వేశారు. పొయ్యిలో బూడిద కూడా తీయనివ్వలేదు.

తిరిగొచ్చి గూడు తీసి, పొయ్యి అలికాను. ఈ పొద్దున దాని మీదే పాలు పొంగించాను.

అక్కడి ఆరునెలల గడువూ తీరింది. ఈపాటికి మనం వండుకున్న ఆ వంటింట్లో ఎవరో నిలబడి, నిన్ననే పోయిండ్రన్న మాట వింటూ ఉంటారు. వాళ్ళు నీ పొయ్యిలోకి తొంగి చూడకుంటే బాగుండు.