చెరిగిపోయిన మీనం

స్వెన్‌బోర్గ్, 9 ఫిబ్రవరి 1986

ప్రియమైన మెరెటె అక్కకు,

నవంబరులో నా ఎల్సెబెత్ అంత్యక్రియలకు కోపెన్‌హాగెన్ నుంచి వచ్చావు. ఆ రోజు నీతో సరిగ్గా మాట్లాడలేదు. వంటిల్లంతా సర్ది వెళ్లింది నువ్వేనని రెండు రోజుల తర్వాత తెలిసింది. ఆలస్యంగానైనా, ధన్యవాదాలు.

ఒక తప్పు చేశాను. ముప్పై ఏళ్లకు పైగా వేలంశాలలో వెండి ముద్రలు చదివినదానివి, అందుకే నీకు రాస్తున్నాను. అమ్మ నాకిచ్చిన సూప్ గరిటె గుర్తుందిగా. కాడ వెనక కోపెన్‌హాగెన్ నగర ముద్ర మూడు బురుజులు, కింద 1794. పక్కన కంసాలి అక్షరాలు, పరీక్షాధికారి గుర్తు, ఏ నెలలో ముద్రించారో చెప్పే మీనరాశి చేపలు. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని చూసిన చేపలవి.

ఎల్సెబెత్ ఆ గరిటెను నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "సుద్దముక్కలు విరిచే చేతులు నీవి మాస్టారూ, వెండి జోలికి రాకు" అనేది. తనే కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి దాచేది.

పోయిన వారం ఏమీ తోచక పాలిష్ తెచ్చి గంటసేపు తోమాను. భూతద్దం పెట్టి చూస్తే చేపలు లేవు. ఆ చోటు నున్నగా ఉంది. ఆమె ముప్పై ఎనిమిదేళ్లు కాపాడింది. నేను మూడు నెలల్లో పోగొట్టాను.

దారి ఏమైనా ఉందా? లేకపోతే లేదని రాసెయ్యి.

నీ తమ్ముడు,
ట్రోల్స్

*

కోపెన్‌హాగెన్, 13 ఫిబ్రవరి

ప్రియమైన ట్రోల్స్,

గరిటె రిజిస్టర్డ్ పోస్టులో పంపు. పాత మేజోడులో చుట్టు, ఉతికినదైతే మంచిది. పాలిష్ డబ్బా చెత్తబుట్టలో వెయ్యి. చూడకుండా ఏమీ చెప్పను.

రొట్టె, వెన్న కాక ఇంకేమైనా తింటున్నావా?

మెరెటె

*

కోపెన్‌హాగెన్, 2 మార్చి

ప్రియమైన ట్రోల్స్,

గరిటె చేరి పది రోజులైంది. ముద్ర చూడటానికి పది నిమిషాలు పట్టింది. మిగతా రోజులన్నీ, ఇచ్చిన మాట తప్పాలా వద్దా అని ఆలోచిస్తూ గడిపాను. తప్పుతున్నాను.

చేపల్ని చెరిపింది నువ్వు కాదు. గంటసేపు తోమితే పోయే ముద్ర కాదది. పైగా ఆ నున్నటి చోటు మీద కొన్నేళ్ల వాడకం గీతలున్నాయి. అరుగుదల పాతది.

మీ పెళ్లయిన ఏడాది, ఈస్టర్ విందుకి అమ్మ, పిన్ని వస్తున్నారని ఎల్సెబెత్ ఆ గరిటె తీసింది. ముద్ర దగ్గర నల్లమచ్చ. కంగారులో, పెనాలు తోమే ఇసుకతో రుద్దింది. మర్నాడే రైలెక్కి, పడవలో సముద్రం దాటి నా దగ్గరికొచ్చింది.

"అత్తగారు చూస్తే అరుస్తుంది, పడతాను. ట్రోల్స్ చూస్తే ఏమీ అనడు. అదే భరించలేను" అంది.

నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. నీ చేతుల్లో ఏ లోపమూ లేదు తమ్ముడూ.

గరిటె వెనక్కి పంపుతున్నాను. చల్లగా ఉన్నప్పుడు కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని, ఆ చోట నోటితో ఆవిరి ఊదు. ముద్ర దెబ్బ తగిలిన చోట వెండి గట్టిపడుతుంది. పైన అరిగినా లోపల ఆ తేడా ఉండిపోతుంది. ఆవిరి అక్కడ వేరేగా పడుతుంది. ఆ రోజు తనకి కూడా అలాగే చూపించాను.

మెరెటె

*

స్వెన్‌బోర్గ్, 9 మార్చి

ప్రియమైన అక్కా,

ఊదాను. రెండు చేపలూ కనిపించాయి. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా పోయాయి. మళ్లీ ఊదాను.

ఆమె మీద ఒక పూటంతా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆమె అన్నది నిజమే. ఏమీ అనేవాణ్ణి కాదు.

మా అమ్మాయి సిడ్సెల్‌కి ఫోన్ చేసి చెప్పాను. "ఆ సంగతా? అమ్మ నాకు పన్నెండో ఏటే చెప్పింది. నాన్నమ్మకి కూడా తెలుసు. ఆ ఈస్టర్ రోజే చూసిందట. 'పాపం పిల్ల, చూడనట్టే ఉందాం' అనుకుందట. పోయే ముందు నాన్నమ్మే నాతో అంది" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవంబరు తర్వాత ఇదే మొదలు.

నాకు తప్ప అందరికీ తెలుసు. అమ్మ అంత మెత్తనిదని నాకు తెలియదు. ఎల్సెబెత్ అంత భయపడిందనీ తెలియదు. ఇద్దరూ లేనప్పుడు ఇద్దర్నీ కాస్త ఎక్కువగా తెలుసుకున్నాను. అది నీ వల్ల. మాట తప్పినందుకు కృతజ్ఞుణ్ణి.

వచ్చే ఆదివారం సిడ్సెల్ వస్తోంది. బఠాణీ సూప్ చేస్తాను. నువ్వూ రా. వంతులవారీగా ఊది చూద్దాం.

నీ
ట్రోల్స్