ఆఫీసువాళ్లిచ్చిన ప్రశాంతత

అక్కా,

మా కంపెనీ షేరు పెరిగిందని పేపర్లో చదివి సంబరపడుతూ రాశావు. పెరగదా మరి. సగం ఆఫీసు పని ఏఐకి అప్పగించేశారు. దానికి పని నేర్పింది మేమే. నేర్పినందుకు తలా ఒక పట్టీ ఇచ్చారు. చేతికి కట్టుకుంటే మనం ఎంత ప్రశాంతంగా ఉన్నామో ఆఫీసుకు చెబుతుందట. ప్రశాంతత తగ్గినవాళ్లని విశ్రాంతి తీసుకోమని ఇంటికి పంపేస్తున్నారు. మళ్లీ పిలవడం లేదు. మా ఆరోగ్యమంటే వాళ్లకి అంత ప్రాణం.

నేను పనిచేసేది ఇంట్లోంచే కదా, పట్టీ తీసి మా మావగారి చేతికి కట్టాను. ఆయన పడక్కుర్చీలో కునుకు తీస్తుంటే ఆఫీసు మొత్తానికి నేనే ప్రశాంతమూర్తినయ్యాను. “మీకు ఒత్తిడే లేదు కదండీ” అంటూ మేనేజరు ఇంకో ఇద్దరి పని నా నెత్తిన పెట్టాడు.

మొన్న సాయంత్రం షేరు ఢమాలున పడింది. టీవీలో చూసి మావగారు గుండె పట్టుకున్నారు. నాకు చెప్పకుండా మా కంపెనీ షేర్లు కొన్నారని అప్పుడు తెలిసింది. ఆ దడంతా పట్టీకి ఎక్కింది. ఇక నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఫోన్లో మేనేజరు గొంతు బొంగురుపోయింది.

“కంపెనీ పడితే కొట్టుకున్న గుండె మీదొక్కటేనండీ.”

వచ్చే వారం సన్మానమట.

మావగారు కులాసాగానే ఉన్నారు. ఆయన దగ్గర షేర్ల ఊసెత్తకు. నీకొక్కదానికే చెబుతున్నాను, షేరు పడిన రాత్రి నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. అలా పడుకుని ఎన్నాళ్లయిందో. పాపం, అది మాత్రం పట్టీకి ఎక్కలేదు.

నీ చెల్లెలు