కుడితిలో పోసిన కొర్రన్నం

తిరువూరు

అత్తయ్యా,

మీరు పోయి నేటికి ఏడాది. ఈ కాగితం పొయ్యిలోకే పోతుంది గానీ, చెప్పకుండా ఉండలేను.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, రెడ్డిగూడెంలో మా అమ్మ చేసినట్టే కొర్రన్నం, మునగాకు పప్పు వండాను. "ఇది మనుషులు తినే తిండేనా?" అంటూ మీరు చుట్టాల ముందే గిన్నెడూ తీసుకెళ్లి గేదె కుడితిలో పోశారు. ఆ గిన్నె తోముకున్నది నేనే.

ఇప్పుడు మామయ్యగారికి షుగరు వచ్చింది. వరన్నం మానమని డాక్టరు చెప్పాక రోజూ కొర్రలే వండుతున్నాను. "ఇంత కమ్మగా ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు వండలేదమ్మా?" అని మొన్న అడిగారు. మీ ఫోటో వైపు చూసి, ఇంకో గరిటె వడ్డించాను.

ఈ రోజు మీకిష్టమైన కోడికూరే పెట్టాలంది మీ కూతురు. నేను గోడ మీద విస్తరాకులో కొర్రన్నం, మునగాకు పప్పు పెట్టాను.

"అమ్మ కాకై వచ్చినా ఇది ముట్టదు వదినా, చూస్తూ ఉండు" అంది.

మీరు వచ్చారు. మెతుకు మిగల్చకుండా తిని, ఇంకా పెట్టమన్నట్టు నా వైపు తిరిగి అరిచారు.

గిన్నెలో ఇంకా సగం ఉంది. మీరు చూస్తుండగానే తీసుకెళ్లి గేదె కుడితిలో పోశాను.

మీ కోడలు