బావిలోకి దించిన ఇంజను

మామా, నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే నీ తమ్ముడు ఓబులేసు నీళ్ల ఇంజను బయటికి తీశాడు.

పంట కాలం అయిపోగానే నువ్వు ట్యాంకు ఖాళీ చేసి ఇంజను దాచేవాడివి. ఆ రోజు నిన్నూ ఇంజన్నూ బావిలోంచి పైకి తెచ్చాక, దాన్ని అట్లాగే కొట్టంలో పెట్టేశారు. ట్యాంకులోని పెట్రోలు వాసనే మారిపోయింది. ఓబులేసు అందులోనే కిరసనాయిలు కలిపాడు. నీళ్లు అడుగంటాయని ఇంజన్ను బావి లోపలి గట్టు మీదికి దించాడు.

"వద్దప్పా, మీ అన్న ఆ పొగకే కదా పోయింది" అన్నాను.

"అన్నకు గుండె ఆగింది వదినా. యాడన్నా పొగకు సస్తారా?"

లోపలికి దిగి ఇంజను మొదలుపెట్టాడు. నేను పైనుంచి పిలుస్తూనే ఉన్నాను. మొదట గట్టిగా పలికాడు, తర్వాత మత్తుగా పలికాడు, ఆ తర్వాత పలకలేదు. నేను మెట్లు దిగబోతుంటే ఇంజను దానంతటదే ఆగిపోయింది. పాత పెట్రోలు దానికి పడలేదు. చాలాసేపటికి ఓబులేసు గోడ పట్టుకుని పైకొచ్చి వాంతి చేసుకున్నాడు.

"ఎండకు తల తిరిగింది వదినా. రేపు ప్రొద్దుటూరు పోయి కొత్త పెట్రోలు తెస్తా. ఇంగ ఆగదులే" అన్నాడు.

ఇప్పుడు అరుగు మీద కూర్చుని కార్బురేటరు విప్పి తుడుస్తున్నాడు, అచ్చం నువ్వు నేర్పినట్టే, ఎక్కడా మురికి లేకుండా.